మీటరు దూరం కోసం ఇద్దరు యారాండ్లం

లాల్‌దర్వాజాల మాది ఒకటే ఇల్లు. కింద మా ఆయన అన్న వాళ్లు, మీద మేము. బావ భార్య, అంటే మా పెద్ద యారాలు, ఇంట్ల జాకిట్లు కుట్టి గల్లీ గల్లీ తిరిగి ఇచ్చొస్తది. నేను గౌలిపురల అంగన్‌వాడీ టీచర్ని. ఆమెను అక్కా అనే పిలుస్త.

అక్క బిడ్డ బస్సుల కాలేజీకి పోవుడు మొదలుపెట్టినంక ఆ పిల్ల తొక్కే లేడీస్ సైకిల్ ఇంట్ల ఖాళీగ నిలవడ్డది. బావ అమ్మేద్దామన్నడు.

‘అమ్ముడెందుకు? మేం తొక్కుతం’ అన్నది అక్క.

నలభై దాటినంక బడి మైదానంల నేర్చుకున్నం. ఒకరు తొక్కుతుంటే ఇంకొకరు ఎనుక పట్టుకొని ఉరుకుడు. పడ్డప్పుడల్లా లేవబుద్ధి గాకుండ నవ్వుడు. చేతికొచ్చినంక పొద్దుగాల సైకిల్ నాది, పగటీలి ఆమెది.

నిరుడు వానకాలంల ఛత్రినాక మార్కెట్ కాడ ఒక ట్రాలీ ఆటో సైకిల్ మీద పోతున్న అక్కను రాసుకుంట పోయింది. ఆమె కింద పడ్డది, చెయ్యి ఇరిగింది, ఆటో ఆగలే. కట్టు కట్టిచ్చుకొని ఇంటికొచ్చినంక బావ మెల్లగ అన్నడు, ‘ఇగ సైకిల్ ముట్టకు.’

‘నేనెందుకు బంద్ జెయ్యాలె? ఆటో దూరంగ పోవాలె గని.’

గా మాట నా మనసుల ఉండిపోయింది. మా సెంటర్‌కు పిల్లను తోల్కొచ్చే ఒక తల్లి సైకిల్ తొక్కేటోళ్ల సంఘంల పని జేస్తది. ఆమెకు చెప్పిన. రాష్ట్రంల కొత్త చట్టం రావాలెనని వాళ్లు శానా రోజుల సంది తిరుగుతున్నరట. సైకిల్‌ను దాటిపొయ్యే బండి మీటరు దూరం ఇడవాలె. జీబ్రా గీతల మీద మనిషి అడుగుపెడితే బండి ఆగాలె. ఫుట్‌పాత్ మీద బండ్లు పెట్టొద్దు. ఇయ్యే వాళ్లు అడిగేటివి. ఒక ఎమ్మెల్యే మాట్లాడనీకి రమ్మన్నడు, మీరిద్దరు గూడ రాండ్రి అన్నది.

అక్క చెయ్యి బాగైనంక మిద్దె మీద మాట్లాడుడు ప్రాక్టీస్ చేసినం. కుర్చీల బావ ఎమ్మెల్యే అయి కూసున్నడు.

‘చెప్పుండ్రి, ఏంది మీ సమస్య?’ అన్నడు గొంతు పెద్దగ జేసి.

అక్క తన పెండ్లి కాడికెల్లి షురూ చేసింది. సైకిల్ దాంక వచ్చేసరికి ఎమ్మెల్యే గురక పెడుతున్నడు. నవ్వి నవ్వి నాకు కడుపు నొచ్చింది.

ఎమ్మెల్యే రమ్మన్న రోజు అక్కను ఎనుక కూసోబెట్టుకొని నేనే తొక్కిన. సంఘం ఆమె మాకంటె ముందే ఆఫీసుకొచ్చి ఉన్నది. ఆమె అంతా చెప్పినంక ఎమ్మెల్యే సారు తల ఊపిండు గని, అనుమానంగనే అడిగిండు.

‘మన గల్లీలల్ల మీటరు జాగ ఏడుంటదమ్మా?’

‘లేకుంటే బండి మెల్లగ ఎనుకనే రావాలె సార్’ అన్నది అక్క. ‘గంత తొందరేమున్నది?’

సారు నవ్విండు. ‘మీరు నిజంగ తొక్కుతరా?’

‘బయట పెట్టొచ్చినం సార్. మీకొస్తదా?’

నేను బల్ల కింద అక్కను గిల్లిన. ఆయన మాత్రం లేచి నిలవడ్డడు. చదువుకునేటప్పుడు తొక్కిన, మళ్ల ముట్టలే అనుకుంట బయటికొచ్చిండు. తెల్లబట్టలల్ల మా లేడీస్ సైకిల్ ఎక్కిండు. పక్కన గన్‌మన్ ఉరుకుతున్నడు. దుకాణాల కాడ జనం లేచి చూస్తున్నరు. మూల దాంక మంచిగనే పోయిండు. మలుపుకొని వస్తుంటే ఎనుకకెల్లి ఒక కారు హారన్ కొట్టుకుంట మోచెయ్యి తగిలేటంత దగ్గరికెల్లి పోయింది. సారు రెండు కాళ్లు నేల మీద పెట్టి, పక్కనున్న జామపండ్ల బండి గట్టిగ పట్టుకున్నడు.

మేం ఉరికినం. ఆయన మెల్లగ బండి ఇడిసిండు. తరువాత ఆయనకే నవ్వొచ్చింది.

‘మీటరు సాలదమ్మా’ అన్నడు. పీఏ దిక్కు తిరిగి, ‘మీటరున్నర అని రాయి’ అన్నడు.

తరువాత అసెంబ్లీ నడిసినప్పుడు ఆయన ఈ సంగతి లేపిండు. మా సెంటర్‌ల అక్క, నేను, తల్లులు అందరం ఒక ఫోను చుట్టు మూగి చూసినం. మీటరున్నర అన్న మాట ఇనవడంగనే చప్పట్లు కొట్టినం, పండుకున్న పిల్లలు లేచిండ్రు. ముసాయిదా తయారు జేస్తం, ముందుగాల జనం సలహాలు తీసుకుంటం అని మంత్రి జవాబిచ్చిండు.

‘అంటే చట్టం అయిపోయినట్టేనా?’ అని అక్క అడిగింది.

‘కాలే అక్కా. ఇంక శానా పనున్నది. మనల్ని సలహాలు అడుగుతరట.’

‘అడగనియ్యి. మస్తున్నయి.’

సిగ్నల్ కాడ ముసలోళ్లు దాటేదాంక పచ్చలైటు ఉండాలె అని ఆమె మొదలుపెట్టింది. బడి ముంగట బండ్లు మెల్లగ పోవాలె అని ఒకామె, కడుపుతోని ఉన్నోళ్లకు ఫుట్‌పాత్ అంత ఎత్తుంటే ఎట్ల ఎక్కుతరని ఇంకొకామె. అందరు ఒక్కసారే మాట్లాడుతున్నరు. లేచిన పిల్లలను ఎత్తుకొని ఊపుకుంటనే మాట్లాడుతున్నరు. నేను గూడ ఒక పిల్లను సంకనేసుకొని నా వంతు కోసం చూస్తున్న.