గోడ అవతల పడ్డ బంతి

మావయ్య పోయారన్న సంగతి నాకు ప్లాంటు క్యాంటీన్‌లో తెలిసింది. టీ గ్లాసు నా ముందు పెడుతూ క్యాంటీన్ అన్న చెప్పాడు. "సెక్టర్ ఆరులో మీ మావయ్య పోయార్రా. పొద్దున్న పాలోడు ఎంతసేపు కొట్టినా తలుపు తియ్యలేదంట."

"ఇది పండలేదన్నా, ఇంకోటి చెప్పు" అన్నాను.

నా నలభై మూడేళ్ళలో ఇలాంటి వార్తలు పుట్టించినవాణ్ణే గాని నమ్మినవాణ్ణి కాను. అన్న నవ్వలేదు. తల మీద టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. అప్పుడు నమ్మాను. మావయ్య రిటైర్మెంటుకి ఇంకా నాలుగు నెలలుంది.

మాకు చుట్టరికం ఏమీ లేదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి భిలాయి ఉక్కు ప్లాంటులో పడ్డవాళ్ళం ఒకరికొకరం ఏదో ఒకటి అయిపోతాం, మీకు తెలియనిది కాదు. అప్పట్లో సెక్టర్ రెండులో ఆయన క్వార్టరుకీ నా క్వార్టరుకీ మధ్య ఒకటే గోడ. అందుకని ఆయన మావయ్య, వాళ్ళావిడ అత్త. మా రెండు పెరళ్ళ వెనకే బాస్కెట్‌బాల్ గ్రౌండు. రింగుకి తగిలి ఎగిరిన బంతి ఎందుకో నా పెరట్లో పడేది కాదు, ఎప్పుడూ వాళ్ళ పెరట్లోనే. అత్త వంట మధ్యలో లేచొచ్చి, బంతిని కొంగుతో తుడిచి, గోడ మీంచి విసిరేది.

"తుడవడం ఎందుకత్తా, మళ్ళీ మట్టిలో ఆడేదేగా" అంటే, "నీ పిల్లల్ని మొహం కడక్కుండానే బడికి పంపుతావేటి?" అనేది.

ఆవిడ పోయాక ఆ పని మావయ్యకొచ్చింది. ఆయన తువ్వాలుతో తుడిచేవారు. కాని బాగా ఆలస్యంగా. కుర్రాళ్ళు ఆట ఆపి గోడవైపు చూస్తూ నిలబడాల్సొచ్చేది. ఒకసారి నేను తొంగి చూస్తే ఆయన పడక్కుర్చీలో ఉన్నారు, బంతి ఆయన కాళ్ళకి రెండు గజాల దూరంలో ఉంది.

"నిద్దరోయావేటి మావయ్యా? అక్కడ ఆట ఆగిపోనాది."

"లేదురా. చప్పుడైతే మీ అత్త లేస్తాదిలే అని కూకుండిపోతన్నాను" అన్నారు. తరవాత లేచి, తుడిచి, విసిరారు.

ఆ సాయంత్రం ఆయన సైకిలు సీటు వెనక్కి తిప్పి బిగించాను. నాకు చేతనైన పలకరింపు అదొక్కటే. మర్నాడు ఆయన దాని మీదే డ్యూటీకి వెళ్ళొచ్చి, "సీటు హాయిగా ఉందిరా, ఎవడో మంచోడు" అన్నారు. ఇన్నేళ్ళలో నేను చేసిన ఏ వెధవపనికీ ఆయన నన్ను తిట్టలేదు. ఒక్కసారైనా ఆయన చేత తిట్టించుకోవాలని నాకు పంతం పట్టింది. ఇక్కడ నవ్వేవాళ్ళు నవ్వుకోండి, తరవాత వీలుపడదు.

ఇది జరిగిన ఏడాదే లంబూ గొడవ మొదలైంది. లంబూ అంటే సెక్టర్ ఆరు కుర్రాడు, పదిహేడేళ్ళు, మా వాళ్ళందరికంటే తలెత్తు పొడుగు. ఎడంచేత్తో వేస్తే బంతి రింగుని తాకకుండా దిగేది. మా టౌన్‌షిప్ టోర్నమెంటులో ఎవరి క్వార్టరు ఏ సెక్టర్లో ఉంటే వాళ్ళు ఆ సెక్టరుకే ఆడాలి. రెండేళ్ళు వరసగా లంబూ చేతిలో చిత్తయ్యాం. సరిగ్గా అప్పుడే కేబుల్ టీవీ వచ్చి, అమెరికాలో టీములు ఆటగాళ్ళని ఇచ్చిపుచ్చుకుంటాయని మాకు నేర్పింది. మాకు క్లబ్బులూ లేవు, మేనేజర్లూ లేరు. కాని మ్యూచువల్ ఉంది. ఒకే టైపు క్వార్టర్లున్న ఇద్దరు ఉద్యోగులు ఒప్పుకుని కాగితం పెట్టుకుంటే ఆఫీసు వాళ్ళ క్వార్టర్లు ఒకరివి ఒకరికి మార్చేస్తుంది. లంబూ నాన్న మా వైపు రావడానికి సిద్ధం. తన క్వార్టరు ఆయనకిచ్చి సెక్టర్ ఆరుకి పోయేవాడు కావాలి.

గ్రౌండు పక్క సిమెంటు బెంచీ మీద వారం రోజులు అదే రభస.

"మన గార్డు కుర్రాడి నాన్న ఎల్తానంటన్నాడు. ఇచ్చీద్దాం" అన్నాడు వెల్డరు బావ.

"గార్డుని ఇచ్చీసి లంబూని తెస్తే, ఆడికి బంతి ఎవుడందిస్తాడు, నువ్వా?" అన్నాడు క్యాంటీన్ అన్న.

"ఐదేళ్ళుగా ఆడతన్నాడు, ఏటి పీకాడు? లంబూకి ఇంకా పదేళ్ళ ఆటుంది. సోచో యార్, ఆలోసించు."

"ఐదేళ్ళు మనకోసం మోకాళ్ళు చెక్కుకున్నోణ్ణి సామాన్లాగ లారీ ఎక్కించీడమేనా?"

నాకు విసుగొచ్చింది. "ఆడేవోణ్ణి ఎందుకివ్వడం? ఆడనోడి క్వార్టరివ్వాల. ఒంటరోడు, పిల్లల బడి గొడవ లేనోడు ఒకడున్నాడుగా" అని మావయ్య గోడవైపు గడ్డం ఊపాను. బెంచీ అంతా నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే గోడ అవతల నుంచి బంతి వచ్చి మా మధ్యలో పడింది. శుభ్రంగా తుడిచి ఉంది.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను. ఏడో తరగతితో ఆగినా నా దస్తూరి బాగుంటుంది. మావయ్య పేరు మీద, తన క్వార్టరు లంబూ నాన్న క్వార్టరుతో మార్చుకోవడానికి సమ్మతమేనని హిందీలో అర్జీ రాసి, సంతకం చోటు ఖాళీగా వదిలి, గ్రౌండులో టీము పేర్లు అంటించే బోర్డు మీద అంటించాను. ఆయన చూస్తారు, ఇంతెత్తున లేస్తారు, నా పీక పట్టుకుని తిడతారు. నా ఆలోచన అంతవరకే పోయింది.

ఆయనకంటే ముందు లంబూ నాన్న చూశాడు. పాలకోవా పేడాల పొట్లం పట్టుకొచ్చి మావయ్య గుమ్మంలో కాళ్ళకి దణ్ణం పెట్టాడు. వెనకాల మా టీమంతా ఉంది. గోడ ఇవతల నేను నోట్లో తువ్వాలు కుక్కుకుని తిట్టు కోసం ఎదురుచూస్తున్నాను. మావయ్య కుర్చీ లాగిన చప్పుడైంది. తరవాత, "బైఠో భయ్యా, చాయ్ పీకే జానా" అని టీ తాగి వెళ్ళమన్నారు. అందరూ వెళ్ళాక గ్రౌండుకెళ్ళి, కాగితం చిరక్కుండా ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

నెల గడిచాక లారీ వచ్చింది. సామాను నేనే ఎక్కించాను. "అది నా పనే మావయ్యా, వెళ్ళకు" అనడానికి ఆ నెలంతా నాకు నోరుంది. లంబూ వస్తున్నాడు కదా అని మూసుకున్నాను.

వెళ్ళినా, ఆయన డ్యూటీ లేని ప్రతి సాయంత్రం సైకిలు తొక్కుకుంటూ వచ్చి బెంచీ చివర కూర్చునేవారు. భుజాన తువ్వాలు. బంతి బయటికి దొర్లితే తుడిచి ఇచ్చేవారు. లంబూ వాళ్ళమ్మ టీకి పిలిస్తే మాత్రం పాత ఇంటి గేటు దాటేవారు కాదు. "చెప్పుల్నిండా బురదమ్మా" అనేవారు, మే నెలలో.

మరుసటి ఏడు ఫైనల్లో మాకు ఎదురు సెక్టర్ ఆరే. "నానిప్పుడు ఎటేపు చప్పట్లు కొట్టాల్రా?" అన్నారు. "ఎగస్పార్టీ మనిషివి, నువ్వు మాట్లాడకు" అన్నాను. ఆఖరి బుట్ట లంబూ వేశాడు. బెంచీ మొత్తం లేచి గంతులేసింది. ఆ గోలలో మావయ్య నా చెవి దగ్గరికొచ్చారు.

"నీ దస్తూరి బాగుంటాదిరా. ఆఫీసులో గుమస్తా కూడా మెచ్చుకున్నాడు."

"మావయ్యా, అది..."

"రాసినోడు ఎవుడైతే ఏటి. సంతకం నాదే కదా."

అంతే. అప్పుడూ తిట్టలేదు.

ఎందుకు పెట్టారు ఆ సంతకం? బంతి చప్పుడు వినలేక పారిపోవాలనుకుంటున్న మనిషికి నా కాగితం దారి చూపించిందా? అయితే రోజూ ఆ చప్పుడు దగ్గరికే ఎందుకొచ్చేవారు? పేడాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డవాణ్ణి కాదనలేక అత్త తిరిగిన పెరడు వదులుకున్నారా? అడగడానికి నాకు రెండేళ్ళు దొరికాయి. పక్కపక్కనే కూర్చున్నాం. ఆయన సైకిలు బెల్లు దాచాను, చెప్పులు మార్చాను, ఆ ఒక్కటీ అడగలేదు.

ఆయన పోయిన రోజున సెక్టర్ ఆరుకి వెళ్ళాను. పెరట్లో పడక్కుర్చీ గోడకి ఎదురుగా వేసి ఉంది. మా పక్కింట్లో ఎలా ఉండేదో అలాగే. ఆ గోడ అవతల గ్రౌండు లేదు, ఎవరిదో బట్టలారేసే తీగ ఉంది. కుర్చీ చేతి మీద తువ్వాలు ఉంది. పెళ్ళై వెళ్ళిన మావయ్య కూతురు విజయనగరం నుంచి వచ్చేదాకా దాన్ని ఎవరూ తీయలేదు. తరవాత నేను తెచ్చుకున్నాను. ఆమెకి చెప్పే తెచ్చుకున్నాను.

లంబూ కిందటేడే ఆటగాళ్ళ కోటాలో వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. పదేళ్ళ ఆట అన్న వెల్డరు బావ లెక్క అలా తేలింది. మావయ్యని సాగనంపి వచ్చిన సాయంత్రం కూడా బెంచీ మీద అదే వాదన మొదలైంది. "ఏదేమైనా కప్పొచ్చింది కదా, మంచి బేరమే" అన్నాడు బావ. బెంచీ చివర ఖాళీ చూసి మిగతాది మింగేశాడు.

లంబూ అమ్మానాన్నలు కొడుకుని చూడ్డానికి వెళ్ళారు. పక్కింటికి తాళం. నిన్న సాయంత్రం నేను పెరట్లో కూర్చుని ఉండగా గోడ అవతల బంతి పడింది. రెండుసార్లు ఎగిరింది, కొంత దూరం దొర్లింది, ఆగింది. గ్రౌండులో ఆట నిలిచిపోయింది. కుర్రాళ్ళు గోడవైపు చూస్తున్నారు. లోపల ఎవరూ లేరని నాకు తెలుసు. గోడ దూకితే అయ్యే పని. అయినా తువ్వాలు భుజాన వేసుకుని, ఎవరో ఒకరు లేస్తారులే అని నేనూ కూర్చుండిపోయాను.