ముందు వదిలిన చోటు

వట్లూరులో మా పక్క వాటాలో అద్దెకున్న లెక్చరరుకి కెమెరా చేతిలో లేనప్పుడు కూడా ఫొటోలు తీసే అలవాటు. ఒక కన్ను మూసి, రెండు చేతుల వేళ్లతో చట్రం కట్టి, మా పెరట్లో ఎగిరే పిచ్చుకల వెంట తిప్పేవాడు. "ఎగిరే పిట్టకి ముందు చోటు వదలాలండీ బాబాయ్‌గారూ. లేకపోతే గోడకి కొట్టుకున్నట్టుంటుంది" అనేవాడు.

ఏటా కోతలవగానే మా ఆవిడ వరికంకులతో కుచ్చు అల్లి పెరటి చూరుకి కట్టేది. పిచ్చుకలు వచ్చేది దానికోసమే. ఆ కుచ్చే ఆయన ఫొటోలకి అడ్డమైంది. "బొమ్మలో పిట్ట ఒక్కటే ఉండాలండీ. నాలుగు రోజులు దాన్ని దింపించండి."

"మరి అవి ఏం తింటాయండీ?" అంది మా ఆవిడ.

"కింద నూకలు చల్లండి పిన్నిగారూ, చాలు" అని నవ్వాడు.

నేను బడికి వెళ్లి చదివినవాణ్ని కాదు. చదువుకున్నవాడు చెబుతున్నాడు కదా అని నిచ్చెన వేసి నేనే దింపాను. నూకల దగ్గర పక్కింటి పిల్లి కాపు కాసింది. నాలుగో రోజుకి పెరడు ఖాళీ.

తర్వాత ఆయన తాడేపల్లిగూడెం మారిపోయాడు. మొన్న వెళితే హాల్లో గోడనిండా మా పిచ్చుక.

"చూశారా, ముందు ఎంత చోటు వదిలానో!" అన్నాడు, మళ్లీ వేళ్లతో చట్రం కట్టి.

"చూశానండీ. అటే పోయింది" అన్నాను.

మెచ్చుకున్నాననుకుని కాఫీ తెప్పించాడు.

మా ఆవిడ ఈ ఏడు కూడా కుచ్చు కట్టింది. గింజలు ఎండి వాటంతటవే రాలుతున్నాయి. పొద్దున్నే వాటిని ఊడ్చేటప్పుడు ఆవిడ నావైపు చూడదు.