మూడో రోజు వంపు

మా తోడికోడలికీ నాకూ ఇంట్లో పడదు. గిన్నెల దగ్గరో, బట్టలారేసే తీగ దగ్గరో రోజూ ఏదో ఒకటి ఉంటుంది. అది మా ఇంటి సంగతి. పనిచేసే చోట మాత్రం ఆవిడను ఎవరైనా ఒక్క మాటంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇద్దరిదీ ఒకే మొక్కల ల్యాబు. నేను గాజుసామాను కడుగుతాను, ఆవిడ మొలకలు పెంచుతుంది. పంతొమ్మిదేళ్ళుగా అదే పని.

మొక్క ఎదగాలా, ఆగాలా అన్నది దాని కణాల్లోని ప్రొటీన్లు తేలుస్తాయి. ఒకదానికి వెలుగు తగిలితే అది పక్కదాన్ని తడుతుంది, అది ఇంకోదాన్ని. కబురు అలా లోపలికి పోతుంది. వెలుగే లేదనుకోండి, కణాలు సాగుతూనే ఉంటాయి, మొలక పాలిపోయి పైకి లేస్తుంది. ఒక పక్క నుంచి పడిందనుకోండి, అవతలి పక్క కణాలు ఎక్కువ సాగి మొలక వెలుగుకేసి వంగుతుంది. ఇదంతా నాకు అక్క చెప్పిందే, తోడికోడలిని నేను అలాగే పిలుస్తాను. ఆవిడ చదివింది పదో తరగతే.

మా సారు అలా కబురు మోసే ప్రొటీన్ ఒకటి లేని ఆవ మొలకలు చీకట్లో ఎంత ఎదుగుతాయో చూస్తున్నాడు. గౌరవంగా 'చూస్తున్నారు' అనడానికి నాకిప్పుడు నోరు రావడం లేదు, ఏమనుకోకండి. అందుకని మొలకెత్తాక ఐదు రోజులూ ఆ గదిలోకి పిసరంత వెలుగు పోకూడదు. అక్క మసక పచ్చ దీపం ఒక్కటే పెట్టుకుని లోపలికి వెళ్తుంది. మొలకలకు ఆ పచ్చ వెలుగు తెలిసీ తెలియనట్టే ఉంటుందట. ఫోను నా సింకు పక్కన పెట్టి, తలుపు కింది సందులో నల్లగుడ్డ కుక్కి మరీ వెళ్తుంది.

ఐదో రోజు, మంగళవారం, ట్రేలు తీసి చూస్తే ముందు అరలోవన్నీ పొట్టిగా ఉన్నాయి. నాలుగు నెలల పని బూడిదలో పోసిన పన్నీరయింది. మధ్యాహ్నానికల్లా అక్క చేతిలో మెమో పెట్టారు. చీకటి గది తలుపు నిర్లక్ష్యంగా తెరిచి ప్రయోగం పాడుచేసినందుకు ఉద్యోగంలోంచి ఎందుకు తీసెయ్యకూడదో నాలుగింటికి డైరెక్టరు ముందు చెప్పుకోవాలట. కింద సారు సంతకం.

"నువ్వు తెరవలేదని చెప్పక్కా, గట్టిగా అరువు!" అన్నాను.

"నేనరిస్తే ఎవరు వింటారే?" అంది. రెండు ట్రేలు నల్లగుడ్డలో చుట్టుకుంది. నేను తడిచేతులతోనే వెంట నడిచాను. నన్నెవరు పిలిచారని అడిగితే కడిగి పారేద్దామనుకున్నాను. ఎవరూ అడగలేదు.

సారు అప్పటికే అక్కడున్నాడు. డైరెక్టరు బల్ల మీద అక్క గుడ్డ విప్పింది. వెనక అరలోని ట్రేలో మొలకలు నిటారుగా ఉన్నాయి. ముందు అరవి ఒకచోట మోకాలిలా తలుపు వైపు వంగి, ఆ పైన మళ్ళీ నిటారుగా లేచాయి. అన్నింటికీ వంపు ఒకే ఎత్తులో ఉంది.

"కాడ ఎప్పుడూ పైభాగంలోనే సాగుతుందండీ. వెలుగు తగిలినప్పుడు సాగుతున్న చోటే వంగుతుంది, ఆ వంపు అక్కడే ఉండిపోతుంది," అంటూ స్కేలు ఆనించింది. "ఇది మూడో రోజు ఎత్తు. నా వల్ల శనివారం వెలుగు పడి ఉంటే వంపు ఇంకా కింద ఉండాలి. సోమవారమైతే పైన. మూడో రోజు ఆదివారమండీ. ఆ రోజు నాకు సెలవు."

ఆదివారం తాళం ఎవరి దగ్గరుంటుందో ఆ గదిలో అందరికీ తెలుసు. డైరెక్టరు సారు వైపు తిరిగాడు.

"రెండు నిమిషాలే కదండీ," అన్నాడు డైరెక్టరుతో. "ల్యాబు చూడ్డానికి వచ్చినాయనకు చూపిద్దామని ఫోను లైటు వేశాను. ఆ మాత్రానికే..."

ఆ మాత్రానికే! నాకు ఆ ఫోను లాక్కుని సింకులో ముంచుదామనిపించింది. లైటు వేసిన సంగతి గుర్తుండే మెమో రాశాడు కదా, ఎంత ధైర్యం! గుర్తులేక రాశాడనుకుందామా, ప్రొటీన్ల మీద పుస్తకాలు రాసే మనిషికి ఆ వంపు కనబడలేదా? అది నా తోడికోడలికి ఎలా కనబడింది?

అక్క మెమోను బల్ల మీద పెట్టింది. "ఇందులో రాసిందంతా నిజమేనండీ. పేరొక్కటి మార్చండి చాలు."

డైరెక్టరు పెన్ను తీసి అక్క పేరు కొట్టేశాడు. దాని పక్కన ఇంకేమీ రాయకుండా కాగితం సొరుగులో పెట్టి, "మీరు వెళ్ళండమ్మా, రేపు మళ్ళీ విత్తనాలు వెయ్యండి," అన్నాడు. సారును మాత్రం కూర్చోమని టీ తెప్పించాడు. ఆ కప్పులు కడగడానికి నా దగ్గరికే వచ్చాయి.