రాయి ఆరేదాకా

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు రాదు. పిల్లి అడ్డం వచ్చిందని చెప్పబోతే, అది నా నోరు దాటేలోపు చిరుతపులి అయి కూర్చుంటుంది. మా ఆవిడ నా మాటల్ని కాఫీ డికాక్షన్ లాగా వడకట్టి, కింద పడిన నాలుగు చుక్కల్నే నమ్ముతుంది. మీరూ అలాగే కానివ్వండి, నేనేమీ అనుకోను.

టెక్కలి దగ్గర హైవే పక్కన ఒక గ్రానైటు ఫ్యాక్టరీలో నేను అమ్మకాలు చూస్తాను. మా అక్క భర్త, అంటే మా బావ, అక్కడే రాళ్ళు చూస్తాడు. కొండలోంచి వచ్చిన బండని కోసి, పాలిష్ పట్టి, పలకలు చేశాక ఏది మొదటి రకమో, ఏది రెండో రకమో తేల్చేది ఆయనే. ఆయన వేలు చూపించాడంటే కలెక్టరు సంతకం పడ్డట్టే.

మా వ్యాపారంలో ఒక ఆనవాయితీ ఉంది. కొనేవాడు రాగానే పలక మీద బకెట్టు నీళ్ళు కొడతాం. అప్పటిదాకా బూడిదరంగులో నిద్రపోతున్న రాయి చటుక్కున లేచి నీలాలు కక్కుతుంది. కళింగపట్నం సముద్రాన్ని నిలువునా ఎత్తి గోడకి ఆనించినట్టుంటుంది. నా నోరు పనిచేసేది ఆ కాసేపే. ఇదంతా నీళ్ళ మహిమేనని కొనేవాడికీ తెలుసు. అందుకే టీ తాగుతాడు, వాళ్ళ ఊళ్ళో వానలెలా ఉన్నాయో చెబుతాడు, రాయి ఆరేదాకా ధర మాట ఎత్తడు. అంతా ఆరిపోయినా, సన్నని పగులు ఉంటే అక్కడ మాత్రం తడి దారంలా మిగిలిపోతుంది. అదీ చూసుకుని అప్పుడు బేరంలోకి దిగుతాడు. ఇద్దరికీ తెలిసిన ఆట కాబట్టి ఎవరికీ పాపం అంటదు.

బావ మాత్రం ఆ ఆటలోకి రాడు. నేను వర్ణన ఎత్తుకోగానే, కొనేవాడి ముందే అనేవాడు: "ఆరనీరా. తడిస్తే నువ్వు కూడా బాగుంతావు."

పోయినేడు మా యజమాని కెమెరా యంత్రం తెప్పించాడు. తరతరాలుగా శ్రీకాకుళంలో బట్టలమ్మిన కుటుంబం ఆయనది, జాకెట్టు ముక్క కొలిచినంత జాగ్రత్తగా దాన్ని బిగింపించాడు. అరసవల్లి గోపురమంత ఉంటుందది. సరే, మా వంటింటి గుమ్మం కంటే కొంచెం పెద్దది. పలక దాని కింద నుంచి వెళ్తుంటే ఫొటో తీసి, రంగు, మచ్చ, గీత చూసి, కంప్యూటరే రకం తేల్చి, ఆ బొమ్మని కొనేవాళ్ళ ఫోన్లకి పంపిస్తుంది. కృత్రిమ మేధ అన్నారు. అయితే ముందు దానికి చదువు చెప్పాలట. పలక ఫొటోనీ, దానికి బావ చెప్పిన రకాన్నీ జతచేసి వేలకొద్దీ చూపిస్తే అదే పట్టేస్తుందని బెంగళూరు ఇంజినీర్లు వివరించి, ఫొటోల పని నాకు అప్పగించి వెళ్ళిపోయారు.

కెమెరా అనగానే నా చెయ్యి నీళ్ళ పైపు మీదకి పోయింది. ఫొటో దిగేవాడు మొహం కడుక్కోడా మరి? బావ పొడి రాయి చూసి, రకం చెప్పి, పక్క పలకకి వెళ్ళిపోయేవాడు. వెనకాలే నేను తడిపించి ఫొటో తీయించేవాణ్ణి. కొనేవాళ్ళు ఫోన్లో చూసి మురిసిపోయారు. యజమాని నాకు ఏసీ గది ఇచ్చాడు. గది అగ్గిపెట్టెంతే గానీ అందులో హిమాలయాలు ఉండేవి. ఫోన్లో రాయి ఆరదన్న సంగతి ఆ చల్లదనంలో నాకు తట్టలేదు.

చదువు పూర్తయి యంత్రం పనిలోకి దిగింది. ఇప్పుడు పలకలు పెద్ద ఫ్యాన్ల కింద ఆరి, పొడిగా దాని ముందుకి వస్తున్నాయి. బావ మొదటి రకమన్నదాన్ని అది రెండో రకం అంటోంది. తెర మీద ఎర్రగీత. బావ మొదట నవ్వాడు. తర్వాత పలకని ఎండలోకి తిప్పించి చూశాడు. తర్వాత నవ్వడం మానేశాడు. యజమాని మర్యాదస్తుడు, పల్లెత్తు మాట అనలేదు. వయసు మీదపడుతోంది కదా, ఓసారి కళ్ళు చూపించుకోమన్నాడు, అంతే.

ఆ వారం బావ ఇంట్లో అక్క చీర కొంగు పట్టుకుని ఇది పచ్చా, నీలమా అని అడిగాడట. అక్క కంగారుపడి నాకు ఫోన్ చేసింది. మేమందరం ఉండేది ఆమదాలవలసలోనే కాబట్టి, నేనే ఆయన్ని రైలెక్కించి విజయనగరం కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు అన్నీ పరీక్షించి, కళ్ళు శుభ్రంగా ఉన్నాయని, పేపరు చదవడానికి మాత్రం అద్దాలు పెట్టుకోమని రాసిచ్చాడు. బావ తిరుగు రైల్లోనే అవి తగిలించుకుని పొలాలు చూస్తూ కూర్చున్నాడు. ఆ అద్దాలతో అండమాన్లో చీమలు కూడా కనిపిస్తాయన్నాను. ఆయన నవ్వలేదు.

"ఒరే, డాక్టరు మొహమాటానికి సెప్పుంతాడేటి?" అన్నాడు. అద్దాలు పైకి తోసుకుని, "మిషను కంటే ఆడికెక్కువ తెలుసా?"

నేను కిటికీలోంచి చూశాను.

తర్వాత ఆయన్ని షెడ్డులోంచి యార్డుకి మార్చారు. సాలూరు లారీలకి పలకలు ఎక్కించడం చూసుకునే పని. పలక వైపు చూడాల్సిన అవసరం లేని పని.

అప్పుడు వాన పడింది. గాలికి షెడ్డే ఎగిరి ఒడిశాలో పడింది. అంటే, రెండు రేకులు లేచాయి. అందరూ రేకులు పట్టుకోవడానికి పరిగెత్తారు, తెర దగ్గర నేనొక్కణ్ణే మిగిలాను. తడిసిన పలకలు తడిసినట్టే యంత్రం కిందకి వెళ్తున్నాయి. బావ మొదటి రకమన్నా అది రెండో రకమని పక్కన పెట్టించి, మళ్ళీ వరసలో పెట్టినవాటితో సహా అన్నీ మొదటి రకం. తెరంతా పచ్చగా ఉంది. దానికి నేను నేర్పింది రాయి కాదు, నీళ్ళు.

మర్నాడే యార్డుకి వెళ్ళి లారీ పక్కన బావకి చెప్పేశాను. ఆయన అద్దాలు తీసి తువ్వాలుతో తుడిచాడు.

"నీకెప్పుడు తెలిసినాది?"

"నిన్ననే బావా. వాన పడినప్పుడు."

"అయితే నా కళ్ళు బాగున్నట్టేనా?"

"బాగున్నాయి."

ఆయన నా భుజం మీద ఒక్కటి చరిచాడు. "దానికి కూడా నీ బుద్ధే అబ్బినాదిరా," అని నవ్వాడు.

యజమానికీ చెప్పాను. ఇంజినీర్లు మళ్ళీ వచ్చి, ఈసారి పొడి ఫొటోలతో చదువు మొదలుపెట్టారు. బావ షెడ్డులోకి తిరిగొచ్చాడు. ఏసీ గది కంప్యూటరుకి ఇచ్చేశారు. యంత్రం ఇప్పుడు బాగానే పనిచేస్తోంది. బావ మాత్రం రకం చెప్పి, ఓసారి తెర వైపు చూస్తాడు. ఇదివరకు ఎవరి వైపూ చూసేవాడు కాదు.

ఇక ఇందులో కల్పన ఎంత అంటే, గోపురం, హిమాలయాలు, ఎగిరిన షెడ్డు, ఇవి మిమ్మల్ని మోసం చేసి ఉండవు. నేను నిజంగా కల్పించింది వానకి ముందు పెట్టిన "అప్పుడు", తర్వాత పెట్టిన "మర్నాడే", ఈ రెండు మాటలే. రేకులు లేచిన ఆ వాన పడేనాటికి బావ ఇంకా షెడ్డులోనే పనిచేస్తున్నాడు, ఆ రోజు సెలవు పెట్టాడంతే. యజమాని ఇంకా కళ్ళ మాట ఎత్తలేదు. రేపు చెబుదాం, ఇంజినీర్లు వచ్చినప్పుడు చెబుదాం అనుకుంటూ ఏసీ గదిలో కూర్చున్నాను. వానాకాలం పోయాక, తుఫాను వాన ఒకటి పడిన మర్నాడు, బావ ఒక పలక మీద చెయ్యి పెట్టి, ఇది ఏ రంగని లారీ డ్రైవర్ని అడగడం చూశాను. అప్పుడు చెప్పాను. బావకి ఇప్పటికీ తెలిసింది మర్నాడన్న లెక్కే.

కాబట్టి విజయనగరం రైలు నేను తెలిసే ఎక్కాను. చీకటి గదిలో ఆయన ఒక్కో అక్షరం చదువుతుంటే పక్కనే నిలబడ్డాను. కళ్ళజోడు ఫ్రేము కూడా నేనే ఎంచాను. నల్లది ఆయనకి బాగా నప్పిందన్నాను.