ఈశాన్యంలో బీరువా

మల్కాజిగిరిలోని తన ఫ్లాటు అమ్మకానికి పెట్టానని మొన్న మా అమ్మాయి తన ఫోను నా చేతికిచ్చింది. చూద్దును కదా, ముందుగది, పడకగది, వంటింట్లో పప్పుల డబ్బాలతో సహా అన్నీ ఫోటోల్లో ఉన్నాయి. ఊరూ పేరూ తెలియనివాళ్లు కూడా కూర్చున్నచోటి నుంచే ఇల్లంతా తిరిగి చూడొచ్చట. "బీరువా కనబడుతున్నదమ్మా, ఆ ఫోటో జర తీసెయ్" అన్నాను. "మళ్ల మొదలువెట్టినవా నాన్నా" అని నవ్వింది. ఆ 'మళ్ల'లో ఏముందో మా ఇంట్లో అందరికీ తెలుసు. సాయంత్రం పాత డైరీల్లోంచి నాచారం ఇల్లు అమ్మిన సంవత్సరానిది వెతికి తీసి, చదువుకుంటూ కూర్చున్నాను.

తొంభైల మొదట్లో మాట. నాచారం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేసేవాడిని. బోల్టు బయటికి పోవాలన్నా నా సంతకం కావాలి. ఇల్లు అక్కడికి నడిచిపోయేంత దూరంలోనే. పొద్దుటి షిఫ్టు సైరను కూసినప్పుడే నా భార్య పొయ్యి మీద అన్నానికి ఎసరు పెట్టేది. మేము ఇల్లు మారాలనుకున్నది మా వదిన కోసం, అంటే నా భార్యకు అక్క. మా తోడల్లుడు పోయాక ఆమె మేడిపల్లిలో ఒంటరిగా ఉండేది. ఒకసారి జ్వరమొచ్చి లేవలేక పడివుంటే, గిన్నె బయట పెట్టలేదేమని పాలాయన లోపలికి తొంగి చూసి మాకు కబురు పంపాడు. అప్పటి నుంచి నా భార్యకు అన్నం సరిగా సహించలేదు. వదిన ఇంటి పక్క ఇల్లు అమ్మకానికుంది. క్రిస్మస్ దాకా మీ కోసం ఆగుతానని ఆ ఇంటాయన మాటిచ్చాడు. అది కొనాలంటే ఇది అమ్ముడుపోవాలి.

ప్రహరీ గోడ మీద 'ఇల్లు అమ్మబడును' అని నేనే నీలిరంగుతో రాశాను. రాసిన మరుక్షణం నుంచి నాకు దిగులు పట్టుకుంది. దారిన పోయే ఎవరైనా సరే గేటు తట్టి, ఇల్లు చూస్తామని పడకగది దాకా రావచ్చు. వెనక వీధిలో అట్లాగే వచ్చి పట్టపగలు రాగి బిందెలు ఎత్తుకుపోయారని ఒక పుకారు కూడా ఉండేది. నేను ఉప్పల్ చౌరస్తాలో ఇనుప సామాన్ల దుకాణానికి పోయి తలుపుకు రెండేసి తాళాలు, గేటుకు గొలుసు కొన్నాను. "ఏం సార్, ఇల్లమ్ముతున్నరా, జైలు కడుతున్నరా?" అన్నాడు దుకాణదారు. నేను నవ్వలేదు.

తాళాల తరువాత బీరువా సంగతి ఆలోచించాను. మాది చర్చికి పోయే కుటుంబం, వాస్తు పట్టింపు లేదు. అయినా ఇల్లు కట్టిన మేస్త్రీ చెప్పినట్టే దాన్ని నైరుతి గదిలో పెట్టుకున్నాం. ఊళ్లో అందరి బీరువాలూ అక్కడే ఉంటాయి, ఆ సంగతి దొంగకూ తెలుసు. అందుకని పక్కింటాయన సాయంతో దాన్ని ముందుగదిలోకి, ఈశాన్య మూలకు జరిపించి, పాత చీర తెరలా కట్టాను. నా భార్య చూసి, "దొంగకు ముంగటనే పెట్టినవు గదా. పాపం, వాడు లోపలిదాక నడిచే పని తప్పింది" అన్నది.

కొనేవాళ్లు రావడం మొదలైంది. నేను ఒక్కో గది తాళం తీసి చూపించి, వాళ్లు బయటికి రాగానే మళ్లీ వేసేవాడిని. ఒక పెద్దమనిషి తెర తొలగించి చూసి, "ఈశాన్యంలో ఇంత బరువా అండీ?" అని ఇచ్చిన చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు. తరువాత గోదావరి వైపు నుంచి వచ్చిన ఒక చిన్నవయసు జంట. ఆయనకు ఉప్పల్లో షిఫ్టు డ్యూటీ, ఆవిడ చంకలో పసిపిల్ల. ఆవిడ గదులకంటే తాళాలనే ఎక్కువ చూసింది. చివరికి నా భార్యను పక్కకు పిలిచి, "ఇక్కడ దొంగల భయం బాగా ఎక్కువా అండీ?" అని అడిగింది. "అసొంటి ఫికరేం లేదమ్మా" అన్నాను నేను, పడకగదికి రెండో తాళం వేస్తూ. వాళ్లు మొహమొహాలు చూసుకుని వెళ్లిపోయారు. ఆ కంగారులో ఆవిడ గొడుగు మరిచిపోయింది. అది కూడా భద్రంగా బీరువాలో పెట్టి తాళం వేశాను.

డిసెంబరు వచ్చింది. ఆ ఇంటిని ఇంకెవరో అడుగుతున్నారని మేడిపల్లి నుంచి కబురొచ్చింది. ఆ పూట నా భార్య నాతో ఒకటే మాట అన్నది. "మా అక్క మళ్ల పడిపోతే మళ్ల పాలాయననే సూడాల్నా? నీ తాళాలు దొంగలను ఆపుతున్నయో లేదో నాకెరుక లేదు గని, కొనెటోళ్లను మాత్రం మస్తు ఆపుతున్నయ్."

ఆ శుక్రవారం గృహప్రార్థన మా ఇంట్లో. వారానికొక ఇంట్లో అందరం చేరి పాటలు పాడి ప్రార్థించుకునే ఆనవాయితీ అది. ఇల్లు అమ్మకానికి ఉండగా ఇంతమందినా అని వాయిదా వేద్దామన్నాను, ఆమె వినలేదు. జనం కూర్చోవడానికి ముందుగది కావాలి, బీరువా అడ్డం. సంఘంలో అందరూ మామా అని పిలిచే పెద్దాయన నలుగురు కుర్రవాళ్లను పురమాయించి దాన్ని తిరిగి నైరుతి గదికి మోయించాడు. "దీంట్ల బంగారమున్నదా బిడ్డా, బండలున్నయా?" అని రొప్పుతూ అడిగాడు. "ఆయన డైరీలు మామా" అన్నది నా భార్య. చాయ్ కాచే ఆడవాళ్లు వంటింట్లోకి, పిల్లలు పెరట్లోకి తిరుగుతుంటే తాళాలు ఎవరు వేస్తారు? అన్నీ ఊడదీసి తాళంచెవులతో సహా ఒక గోనెసంచిలో పడేశాను. గేటు బార్లా తెరిచే ఉంది. చెప్పులు లోపల చోటు చాలక వీధిలోకి పారాయి.

ఆ పాటల మధ్య ఆ జంట గొడుగు కోసం వచ్చారు. నేను ఎదురెళ్లేసరికి ఆవిడ గేటు దగ్గరే ఆగి చెప్పుల వంక చూస్తూ నిలబడింది.

"వీటి దగ్గర ఎవరూ కాపలా ఉండరా అండీ?"

"ఎవరుంటరమ్మా."

"వీళ్లంతా మీ చుట్టాలా?"

"కాదు. అటింటోళ్లు, ఇటింటోళ్లు, వెనక వీధోళ్లు."

"ఈయన డ్యూటీకి వెళ్లాక నేను పిలిస్తే పలుకుతారా?"

నేను జవాబు చెప్పేలోగా చాయ్ కప్పులతో వచ్చిన పక్కింటామె అందుకున్నది. "పిలువకున్నా వస్తం బిడ్డా. మమ్మల్ని ఎల్లగొట్టుడే కష్టం."

ఆవిడ మొదటిసారి నవ్వింది. పిల్లను పక్కింటామె చేతికిచ్చి, తాళంచెవి అవసరం లేని ఇల్లంతా తానే తిరిగి చూసుకుంది. ఆయన నైరుతి గదిలో బీరువాను చూసి, "ఆ, ఇప్పుడు సరిగ్గా ఉందండీ" అన్నాడు, తన కోసమే నేను సర్దించినట్టు. నేను కాదనలేదు. గొడుగు తీసివ్వడానికి మాత్రం ఇల్లంతా వెతకాల్సి వచ్చింది. బీరువా తాళంచెవి చివరికి నా భార్య కొంగుముడిలో దొరికింది. గొడుగు అందుకుంటూ ఆవిడ భర్తతో మెల్లగా అన్నది. "ఆ రోజు తాళాలు చూసి భయమేసింది. ఇవాళ చెప్పులు చూస్తే ధైర్యమొచ్చిందండీ."

క్రిస్మస్‌కు మేము మేడిపల్లిలో ఉన్నాం. మా వంటింటి కిటికీలోంచి పిలిస్తే వదిన తన వంటింట్లోంచి పలికేది. ఆ గోనెసంచి మా వెంటే వచ్చి ఇప్పటికీ మంచం కింద ఉంది. మొన్న తీసి చూశాను. ఏ తాళంచెవి ఏ తాళానిదో ఒక్కటీ గుర్తు రాలేదు. ఆ సాయంత్రం మా గేటు ముందున్న చెప్పుల్లో ఏవి ఎవరివో మాత్రం, ఇన్నేళ్లు గడిచినా, ఇప్పటికీ చెప్పగలను.