తెల్లపంచె వెలుతురు

పోయిన నెలలో నెల్లూరులో మా తమ్ముడి మనవరాలి పెళ్లికి వెళ్లి, తలంబ్రాలు దగ్గరగా చూద్దామని ఆశపడి మంటపం మెట్టు మీద కాలు పెట్టానో లేదో, నడుముకు బెల్టులు, మెడలో పెద్ద కెమెరా తగిలించుకున్న ఫోటోగ్రాఫరు ఒకతను నా భుజం మీద చెయ్యి వేసి, "తాతా, అడ్డమొస్తా ఉండావు, ఆ పక్కకు జరుగు" అన్నాడు. జీవితమంతా జనాన్ని జరగండి, జరగండి అని మందను తోలినట్టు తోలినవాణ్ణి, ఆఖరికి నన్నే జరగమన్నారు! కోపం రావాల్సింది గానీ, ఎందుకో నవ్వొచ్చింది. వెనక్కి వచ్చి కుర్చీలో కూలబడితే మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

అక్కడ కూర్చుని చూస్తే తమాషాగా ఉంది. మొదటిసారి పోసుకున్న తలంబ్రాలు కెమెరాలో సరిగ్గా పడలేదట, మళ్లీ పోసుకోమంటున్నారు. పురోహితుడు గారు మంత్రం ఆపి, ఎప్పుడు అందుకోమంటారా అని ఫోటోగ్రాఫరు మొహం వంక చూస్తున్నారు. పెళ్లి చేయిస్తున్నది ఎవరో నాకు అర్థం కాలేదు. సరే, ఈ వయసులో మనకెందుకీ చాదస్తం అని కళ్లు మూసుకుంటే, కళ్ల వెనక నా పాత ఫోటో స్టూడియో కనిపించింది.

మనుబోలులో రోడ్డు పక్కనే ఉండేది అది. లారీ పోయినప్పుడల్లా గోడకు తగిలించిన పటాలన్నీ ఒక్కసారి గలగలమనేవి, నేను మీట నొక్కబోతూ ఆగిపోయేవాణ్ణి, కూర్చున్నవాళ్లు ఊపిరి బిగబట్టి ఎర్రబడిపోయేవాళ్లు. వెనకాల తెర మీద ఒక సరస్సు, రెండు హంసలు, ఎక్కడికీ పోని మెట్లు. మన ఈడువాళ్లకు ఆ తెరల సంగతి చెప్పనక్కర్లేదు, మీలో సగంమంది ఆ మెట్ల ముందు కూర్చుని ఫోటో దిగినవాళ్లే గదా. ఒక అద్దం, ఒక దువ్వెన, ఒక పౌడరు డబ్బా, మేకుకు తగిలించిన ఒకే ఒక్క నల్లకోటు. మండలంలో మగవాళ్లంతా ఆ కోటులోనే ఫోటో దిగారంటే మీరు నమ్మాలి. బక్కవాడికి వెనకవైపు పిన్నీసులు పెట్టి బిగించేవాణ్ణి, లావుపాటివాడికి బొత్తాలు పెట్టకుండా చేతులు కట్టుకోమనేవాణ్ణి. ఆడవాళ్ల కొంగులు సర్దడం, కుర్చీలో పిల్లల్ని కూర్చోబెట్టడం మా ఆవిడ పని. ఆమె పౌడరు అద్దితే మాత్రం ఎవరైనా తెల్లగా సున్నం కొట్టినట్టు తేలేవాళ్లు, ఆ మాటంటే ఇప్పటికీ ఒప్పుకోదు.

కోతలై వడ్లు ఇంటికి చేరాక రైతు కుటుంబాలు బండెడు మనుషులతో దిగేవి. క్రిస్మసు ఆరాధన అయిపోగానే గుడి నుంచి నేరుగా, తెల్లచీరల మడత నలగకుండా, క్రైస్తవ కుటుంబాలు వచ్చేవి. వాళ్లలో ఒక అవ్వ ఏటేటా బైబిలు గుండెకు ఆనించి పట్టుకుని, దాని మీద అక్షరాలు స్పష్టంగా పడాల, నా మొహం పడకపోయినా పరవాలేదు అనేది. ఆమె మొహమూ పడేది, అక్షరాలూ పడేవి. అట్లాంటి మొహాలను చూస్తూ ఉంటే ఆకలి తెలిసేది కాదు నాకు.

ఇక పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే ఇంట్లో నిలిచేది లేదు. ఈ రోజు కొడవలూరు, రేపు సంగం, ఎల్లుండి సముద్రం ఒడ్డున ఏదో పాలెం. బస్సులో నేను నిలబడినా నా కెమెరా పెట్టెకు మాత్రం ఎవరో ఒకరు ఒడి చూపించేవాళ్లు. పెళ్లివారింట అడుగు పెట్టగానే ముందు నాకు ఆకు వేసేవాళ్లు, ఫోటోలాయన కడుపు మాడితే ఫోటోలు నల్లగా వస్తాయని ఆడవాళ్ల నమ్మకం. ఆ నమ్మకాన్ని నేనెప్పుడూ కాదనలేదు, అంత పిచ్చివాణ్ణా!

అయితే ఒక్క సంగతి మాత్రం నాకు గొంతులో ముల్లులా ఉండేది. భర్త పోయిన తల్లులు పెళ్లిలో కెమెరా ముందుకు వచ్చేవాళ్లు కాదు. తొమ్మిది నెలలు మోసి, కంటికి రెప్పలా కాచిన బిడ్డ పెళ్లి, ఆ తల్లి మాత్రం వంటింటి గుమ్మం దాటేది కాదు. పీటల మీద పెదనాన్నో, మేనమామో కూర్చుని కన్యాదానం చేస్తుంటే, నా కెమెరాలో ఎక్కడో మూలన, తలుపు చాటున అర మొహం కనిపించేది. ఎవరూ పొమ్మని అనరు, ఎవరూ రమ్మనీ అనరు. నేను బయటివాణ్ణి, నోరు మూసుకుని పెళ్లికూతుర్ని చూసి ఫోటోలు తీసుకుంటూ పోయేవాణ్ణి.

సంగం దగ్గర పల్లె నుంచి ఒక అమ్మాయి, పెళ్లి కుదిరాక, పెళ్లికొడుక్కి పంపే ఫోటో కోసం మా స్టూడియోకు వచ్చింది. చిన్నప్పుడే తండ్రి పోయాడు. తోడుగా తల్లి వచ్చింది గానీ, లోపలికి రాకుండా తలుపు బయటే నిలబడింది. నాకంటే కొంచెం పెద్దది కాబట్టి అక్కా అని పిలిచి, మీరిద్దరూ కలిసి ఒకటి దిగండి అని ఎంత బతిమాలినా వినలేదు. "నాకెందుకు నాయనా ఫోటోలు, ఆయనతోనే పోయినాయి అవన్నీ" అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. తుఫాను ఏట ఇంట్లోకి నీళ్లొచ్చి ఆమె పెళ్లి ఫోటో నాని చిరిగిపోయిందట. అంటే ఆమె మొహం ఈ భూమ్మీద ఒక్క కాగితం మీద కూడా లేదన్నమాట. తల్లి వెళ్లి చెప్పులేసుకునే లోపల ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "అన్నా, నేను ఎంతో దూరం పోతా ఉండా. పెళ్లిలో ఎట్టాగైనా మా అమ్మ నా పక్కన ఉండే ఫోటో ఒక్కటి తియ్యన్నా" అంది. పెళ్లికొడుక్కి ఎక్కడో ఉత్తరాదిన ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం. సరే పాపా అని తలూపేశాను. ఊపాక బెంగ పట్టుకుంది.

ఎందుకంటే ఆ ఇంట్లో మాటంటే పెదనాన్నది. తమ్ముడు పోయాక ఆ ఇద్దర్నీ నెత్తిన పెట్టుకుని సాకినవాడు. ధర్మాత్ముడే, కానీ కళ్లెర్ర చేస్తే ఎద్దు కూడా కాడి కిందికి తనంతట తానే వచ్చి నిలబడాల్సిందే. మరదలు ఆయన ఎదుట పడి మాట్లాడిన మనిషి కాదు. అట్లాంటి ఇంట్లో పెళ్లివారి ముందు ఆమెను కెమెరా ముందుకు తేవడం ఎట్లా? పెళ్లికి పోతూ దారిపొడవునా బస్సులో ఇదే ఆలోచన.

పెళ్లి పొద్దున్నే అయిపోయింది. తాళి కట్టాక, ఎండ పైకెక్కాక, అందర్నీ ఇంటి ముందు నిలబెట్టి తీయడం మొదలుపెట్టాను. ఆ వాకిలి ఎట్లా ఉందంటే, ఎండ వాళ్ల వీపు మీద పడుతోంది, మొహాలు నీడలో పోతున్నాయి. అట్లాంటప్పుడు మాకొక చిట్కా ఉండేది. గంజి పెట్టి ఉతికిన తెల్లపంచెను ఎవరి చేతనైనా ఎదురుగానో, పక్కగానో సాచి పట్టిస్తే, ఎండ దాని మీద పడి, తిరిగి వచ్చి మొహాల మీద మెత్తగా పరుచుకుంటుంది. చుట్టాల్లో ఎవర్నో ఒకర్ని పిలిచి పట్టించేవాణ్ణి. గుంపు ఫోటోలయ్యాయి, పెళ్లికూతురు ఒక్కదాన్ని తీయాల్సి వచ్చింది. పంచె చేతిలోకి తీసుకునేసరికి నాకు ఠక్కున వెలిగింది. వంటింటివైపు తిరిగి, అక్కా ఇట్రా, పంచె పట్టుకోవాల, చెయ్యి వణకనివాళ్లు కావాల అని గట్టిగా కేకేశాను. ఒక్కరినే తీసేటప్పుడు పంచె పట్టేవాళ్లు దగ్గరగా పక్కన నిలబడతారు, నేను కెమెరా కొంచెం జరిపితే తల్లీ బిడ్డా ఒకే ఫోటోలో పడతారు, ఇదీ నా ఎత్తు.

పెదనాన్న వెంటనే అన్నాడు, "ఏమయ్యా, ఆమె తప్ప ఎవురూ దొరకలేదా నీకు?" వియ్యాలవారి పెద్దలు అక్కడే పందిట్లో మంచాల మీద కూర్చుని ఉన్నారు. పొడుగు సరిపోవాలనో, అలవాటుండాలనో ఏదో గొణిగాను. ఈ లోపల ఆమె వచ్చేసింది. పని కదా, పనికి పిలిస్తే రావడంలో తప్పు లేదనుకుందేమో. పంచె అందుకుని, బిడ్డ పక్కన నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, నిలువునా తన మొహానికి అడ్డంగా సాచింది. వెలుతురు తిరిగొచ్చి పెళ్లికూతురి మొహం మీద దీపం పెట్టినట్టు పడింది. కానీ నా కెమెరాలో ఆ తల్లి ఎక్కడ? పంచె, దాని పైన పది వేళ్లు, అంతే. ఆమెకు నా ఎత్తు అర్థమైపోయింది. కొంచెం దించక్కా అంటే ఇంకొంచెం పైకెత్తింది. పంచె వెనక నుంచి వెక్కిళ్లు వినిపించాయి. పెళ్లికూతురు కెమెరా వంక చూడకుండా పంచె వైపు తిరిగి, "దించమ్మా, ఒక్కసారి దించు, నువ్వెట్టుండావో నాకు గుర్తుండాల గదా" అని ఏడుపు మొదలుపెట్టింది.

వడ్డన చేసేవాళ్లు గరిటెలు పట్టుకుని ఆగిపోయారు. పెదనాన్న చరచరా నా వైపు వచ్చాడు. అయిపోయింది, ఈ రోజు నా కెమెరా పెన్న ఏట్లో పడినట్టే అనుకున్నాను. ఆయన నన్ను దాటి పోయాడు. మరదలి ఎదుటికి పోయి నిలబడి, మొహం పక్కకు తిప్పుకుని, "ఆ పంచె ఇట్టియ్యి తల్లీ" అన్నాడు. ఆమె ఇవ్వలేదు. "నా తమ్ముడుంటే పీట మీద కూర్చోవాల్సినదానివి నువ్వు. వాకిట్లో బిడ్డ పక్కన నిలబడితే ఏం మునిగిపోద్ది? నేను పట్టుకుంటా, నువ్వు నిలబడు" అని, పంచె తన చేతుల్లోకి తీసేసుకున్నాడు. పందిట్లో వియ్యాలవారి పెద్ద ఒకాయన ఏదో అనబోయాడు. ఈయన అటు తిరిగి చూసిన చూపుకు ఆయన కండువా సర్దుకుని మళ్లీ కూర్చున్నాడు.

ఊరంతటికీ పెద్ద, పట్టుపంచె, జరీ కండువా, ఆయన నా పక్కకు వచ్చి, నేను చెప్పినట్టల్లా వంగి, లేచి, ఆ పంచెను సాచి పట్టుకున్నాడు. ఎంత ఎత్తున, ఎటు వాల్చి అని మర్యాదగా అడిగాడు కూడా. తల్లికి ఎట్లా నిలబడాలో తెలియలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బిడ్డ కొంగు పట్టుకుంది. ఇద్దరికీ కళ్లనిండా నీళ్లు, తుడుచుకోమని నేననలేదు. నాకే కెమెరాలో సరిగ్గా కనిపించలేదు, కళ్లజోడు తడిసిందో, కళ్లే తడిశాయో. దేవుడి మీద భారం వేసి మీట నొక్కాను.

ఫోటోలు తీసుకోవడానికి పెదనాన్నే మా స్టూడియోకు వచ్చాడు. అన్నీ తిరగేసి, ఆ ఒక్కటి మాత్రం గుమ్మం దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో పెట్టి చూశాడు. ఆమె కెమెరాను చూడనే లేదు, బిడ్డ వంకే చూస్తోంది. నొసటి మీద బొట్టు లేదు, మెళ్లో గొలుసు లేదు, అయినా పెళ్లికూతురి తల్లి ఎవరని అడగాల్సిన పని లేదు. చివరికి ఆయన మీసం కింద నవ్వుతూ, "ఏమయ్యా, వెలుతురు బాగానే పట్టినానే" అన్నాడు. బ్రహ్మాండంగా పట్టావు పెద్దాయనా అన్నాను. ఆ మాటంటుంటే ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది నాకు, పెట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు అట్లాంటి తల్లులు వేదిక మీద మధ్యలో నిలబడి ఫోటో దిగుతున్నారు, పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని. చూసినప్పుడల్లా నా కడుపు నిండిపోతుంది. ఆ రోజులే మంచివని నేను చచ్చినా అనను. పంచె కూడా ఎవరికీ అక్కర్లేదు, తెల్లగొడుగుల్లాంటి దీపాలు వచ్చాయి, ఏ మొహానికీ నీడ లేదు. పెద్దలు, పిన్నలు, చుట్టాలు, పక్కాలు అందరూ ఫోటోలో ఉంటున్నారు, ఎవరి మొహం ఎట్లా పడిందో వాళ్లే చూసుకుంటున్నారు. బిడ్డల మొహం మీద వెలుతురు పడాలని తాము ఫోటో బయట నిలబడి, చేతులు లాగుతున్నా పంచె దించకుండా పట్టుకున్న మనుషులను మాత్రం, ఏ పెళ్లికి పోయినా నా కళ్లు వెతుక్కుంటూనే ఉన్నాయి.