ఎర్రావు మేసిన జొన్న

నాకు షుగర్ వచ్చింది, అన్నం తగ్గించి జొన్నరొట్టె తినమని దవాఖానలో చెప్పిన నాటి నుంచి మా కోడలు వరంగల్ కాశిబుగ్గలో బండి మీద అమ్మే రొట్టెలు కొనుక్కొస్తోంది. వరి అన్నం దొరకని రోజుల్లో తిట్టుకుంటూ తిన్న జొన్న ఇప్పుడు మందైంది, చూడండి మన తరం బతుకు! రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంటే నాకు గొంతు దిగదు. పళ్లు లేక నమలలేకపోతున్నానని ఇంట్లో అనుకుంటారు, అనుకోనీ. నలభై ఏళ్ల కిందటి ఆవు సంగతి వాళ్లకేం చెప్పను? పసుల మధ్య బతికిన నా ఈడు వాళ్లు, మీకైతే అర్థమవుతుంది.

నేను చెరువు కింది ఊరి పిల్లను, పుట్టింట్లో వరి తప్ప మరో పైరు ఎరగను. పెళ్లినాడు మా నాయిన అరణం కింద ఎర్రావును ఇస్తే అది నా వెనకే అత్తగారి ఊరికి నడిచి వచ్చింది. అక్కడ నన్నెరిగిన ప్రాణి అదొక్కటే కనుక మొదటి నెలంతా దాని మెడ పట్టుకునే ఏడ్చాను. అది మెట్ట ఊరు, వరంగల్‌కు బస్సులో గంట దూరం. మాకు వాన మీద పండే కొంచెం చెలక, ఒక జత ఎడ్లు, నా ఆవు. తెల్లవారగానే పెండ తీసి, కుడితి పెట్టి, పాలు పిండి, పసులను ఊరి చివరి బంచరాయికి తోలేవాళ్లం. ఆ బీడు ఎవరి సొంతమూ కాదు, అందుకే అందరిదీ. పొద్దుగూకే దాకా మేసి తమంతట తామే ఇల్లు చేరేవి.

ఎనభైలలో ఒక మాట పుట్టింది, బంచరాయిలో ఎవరు దున్నుకుంటే వాళ్లకే పట్టా అని. ఒకరిని చూసి ఒకరు నాగళ్లు కట్టారు. మా మామ మాత్రం కదలలేదు. "పసుల నోటికాడి కూడు గుంజుకోవద్దు బిడ్డా" అన్నాడు. నేను ఊరుకుంటేనా! "అందరు దున్నుకుంటాండ్రు, మనం జూసుకుంట కూసుందామా మామా? రేపు పిల్లలకేం పెడ్తం?" అని మూడు రోజులు గిన్నెలు విసిరికొడుతూ సాధించాను. నాలుగో రోజు ఆయన ఎడ్లు కట్టి, మా పసులు మేసే పల్లపు చెక్కనే దున్ని జొన్న చల్లాడు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. జొన్న మోకాలెత్తు రాకముందే వాడి ముడుచుకుపోయింది. బంచరాయి అంతా చేలైంది కనుక పసులకు మేపు లేదు, వాములో గడ్డి అడుగంటింది. ఎర్రావు అప్పటికి నిండు సూడితో ఉంది, దాని డొక్కలు మాత్రం లోపలికి పోయాయి. ఒక మధ్యాహ్నం నీళ్లకని విప్పితే, బావివైపు మళ్లించినా వినక, ఏళ్ల తరబడి అలవాటైన దారిలో తిన్నగా బంచరాయికే నడిచింది. అది చేనైందని దానికెవరు చెప్పారు? పగ్గం గుంజితే ఆగేదే, నేను గుంజలేదు. ఎట్లాగూ కంకి వేయని పైరు, కడుపుతో ఉన్నది నాలుగు పోచలు తిననీ అనుకుని గట్టు మీద కూర్చున్నాను. సంతోషంగా కూర్చున్నాను, ఆ సంతోషమే నన్ను ఇప్పటికీ పొడుస్తుంది. నీళ్లు లేక వాడిన లేత జొన్న పసులకు విషమని మెట్ట ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. చెరువు కింది పిల్లను, నాకు తెలియదు. ఎవరినీ అడగనూ లేదు, అన్నీ తెలుసనే పొగరు కదా!

మామ దూరం నుంచి చూసి, తలరుమాలు జారిపోతున్నా ఆగక పరుగెత్తుకొచ్చాడు. "గుంజు బిడ్డా, గుంజు! సస్తది!" అప్పటికే దాని కాళ్లు వణుకుతున్నాయి. నేల మీద కూలబడ్డ దానికి బెల్లం నీళ్లు పోశాం, పశువుల డాక్టరు కోసం మనిషిని ఉరికించాం, ఆ మనిషి ఊరు దాటకముందే మెడ వాల్చేసింది. లోపల దూడ ఇంకాసేపు కదిలింది. నా చేయి దాని కడుపు మీదే ఉంది.

మామ నన్ను తిట్టినా బాగుండేది, కొట్టినా బాగుండేది. ఆ చేలోనే గొయ్యి తవ్వి పూడ్చి వచ్చాడు, ఆ తర్వాత బతికినన్నాళ్లూ పాలు గాని, మజ్జిగ గాని ముట్టలేదు.

పట్టా వచ్చింది, నా మాటే గెలిచింది! మేపు లేక ఊళ్లో ఒక్కొక్క కొట్టమే ఖాళీ అయింది, మా ఎడ్లు కూడా అంగడికి పోయాయి. బంచరాయి నిండా ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లు. మా చెక్క అమ్మిన పైసలతోనే కాశిబుగ్గలో ఈ ఇల్లు కట్టాం. ఆనాడు నువ్వు పట్టుబట్టకపోతే మనకీ ఇల్లెక్కడిదని పిల్లలు నన్ను మెచ్చుకుంటారు. ఆ మెప్పు వినలేక లేచిపోతాను. ఆవు ఉన్న ఇల్లు వేరు, దాని వాసన వేరు, మనబోటి వాళ్లు పోతే ఆ వాసన ఎరిగినవాళ్లు కూడా ఉండరు.

రొట్టె నమలలేక కూర్చుంటే కోడలు పాపం, పాకెట్ పాలు కాచి గిన్నెలో పోసి, అందులో రొట్టె ముక్కలు తుంచి వేసి నా ముందు పెడుతుంది. జొన్నా, పాలూ ఒకే గిన్నెలో! నేను దాన్ని మింగేదెట్లా?